బరాత్ గుర్రాన్ని పోటీకి తెచ్చిన నర్సింగరావు సార్

నర్సింగరావు సార్ ఇక లేరన్న వార్త నాంపల్లి కోర్టు వరండాలో, ఒక వాయిదాకూ మరో వాయిదాకూ నడుమ నా చెవిన పడింది. ఫోన్ చేసింది ఆయన కొడుకు. "నాన్న పోయిండక్కా, పొద్దుగాల" అన్నాడు, అంతే. ఆయన ఊపిరితిత్తులు మొరాయిస్తున్నాయని, దవాఖాన వాళ్లు చేతులెత్తేశారని నాకు ముందే తెలుసు. ముందే తెలిసినవాళ్లకు చావు కబురు తక్కువగా తగులుతుందన్నది వట్టి మాట. చేతిలోని కాగితాల కట్ట జూనియర్‌కు అప్పగించి, ఆ రోజు ఎవరి తరఫునా నోరు విప్పలేక ఇంటిదారి పట్టాను. వాదించి బతికేదాన్ని, నాకు నోట మాట రాకపోవడం ఎంత అరుదో నాతో తగువు పడ్డవాళ్లందరికీ తెలుసు.

ఆయనను ఎరగనివారి కోసం రెండు మాటలు. నాంపల్లి స్టేషన్ వెనక సందులో మూడు తరాలుగా బరాత్ గుర్రాలను కిరాయికిచ్చే కుటుంబం వారిది. అబిడ్స్, గన్‌ఫౌండ్రీ, బేగంబజార్ పరిసరాల్లో పెళ్లికొడుకైన వాళ్లలో చాలామంది ఒక్కసారైనా వారి గుర్రమెక్కినవారే. రెండోసారి ఎక్కినవాళ్లూ ఉన్నారని సార్ గుట్టుగా నవ్వేవారు. పితృపైతామహమైన వృత్తిని వదలకుండానే ఆయన యౌవనంలో స్వారీని శాస్త్రోక్తంగా అభ్యసించారు, అడిగి వచ్చినవారికి నేర్పారు. ఆయన శిష్యుల్లో చివరిదాన్ని నేను.

మా పరిచయం పోట్లాటతో మొదలైంది. మా చిన్నాన్న కొడుకు బరాత్ అబిడ్స్ దాటుతుండగా స్నేహితులు గుర్రం కాళ్ల దగ్గర టపాకాయలు కాల్చారు. సార్ కళ్లెం పట్టుకొని ఊరేగింపు ఆపేశారు. పెళ్లికొడుకును తలపాగాతో సహా కిందికి దింపి, ఇక నడిపించుకొని పొమ్మన్నారు. ఆడపడుచు హోదాలో నేను ముందుకు దూకి, మాట తప్పారు, కేసు వేస్తానని నడిరోడ్డు మీద వాదించాను. ఆయన గొంతు పెంచలేదు.

"ఎయ్యమ్మా. గుర్రం గూడా వస్తది కోర్టుకు. దాని కాళ్లు సూపిస్త" అన్నారు.

మరునాడు ఆ కాళ్లు చూడటానికే వెళ్లాను. గిట్ట పైన చర్మం కమిలి ఉంది. చూసి తిరిగి రాక, నాకు స్వారీ నేర్పుతారా అని ఎందుకు అడిగానో ఇప్పటికీ తెలియదు. అడిగింది మాత్రం మంచి పనే అయింది.

నాది ముక్కు మీద కోపం. గుర్రం మాట వినకపోతే నా మడమలు దాని డొక్కల్లో గట్టిగా దిగేవి. అది ఆయన కంట పడకుండా ఉండేది కాదు. "కోపమొచ్చిందా, దిగు. కోపాన్ని గుర్రం మీద కూసోబెట్టకు బిడ్డా" అనేవారు. మొదటి ఏడాది నేను గుర్రం మీద కూర్చున్నదాని కంటే దాని పక్కన నిలబడ్డదే ఎక్కువ.

బరాత్‌లకు వెళ్లే తెల్లగుర్రానికి పుట్టిన ఆడపిల్ల మైనా. దాన్ని ఈవెంటింగ్ పోటీకి తయారు చేయాలన్న తపన సార్‌ను లేటు వయసులో పట్టుకుంది. ఈవెంటింగ్ అంటే ఒకే గుర్రానికి, ఒకే రౌతుకు మూడు పరీక్షలు. ముందు, చెప్పినట్టు రకరకాల నడకలు నడవాలి. తరువాత విశాలమైన మైదానంలో దుంగలు, గుంటలు దాటుకుంటూ పరుగెత్తాలి. చివర కట్టిన బరిలో కర్రల కంచెలు దూకాలి. పెళ్లి గుర్రానికి ఇవన్నీ ఎందుకని సందులో అందరూ నవ్వారు. సార్ మాత్రం తల్లిగుర్రం మెడ నిమురుతూ ఒకసారి నాతో అన్నారు: "కాళ్లున్నయి ఉరుకనీకే గదా. నిలబెట్టి నిలబెట్టి దీన్ని రాయి జేసిన. దీని బిడ్డనన్న ఉరుకనియ్యాలె."

కొడుక్కి అబిడ్స్‌లో సెల్‌ఫోన్ల దుకాణం. గుర్రాలను సాకడం తన వల్ల కాదని మర్యాదగానే చెప్పాడు. అతణ్ని తప్పుపట్టను. సార్ తదనంతరం గుర్రాలన్నీ మరో ఊరి బరాత్ వ్యాపారికి పోవడం ఖాయమైంది. ఊరి బయటి స్వారీ క్లబ్బు ఒకటి మాత్రం, మైనా ఒక్క పోటీ పూర్తి చేస్తే చాలు, బతికినంత కాలం తమ పచ్చికలో ఉంచుకుంటామంది. గెలవనక్కరలేదు, పూర్తి చేస్తే చాలు. ఆయన ప్రాణం ఆ ఒక్క పోటీ కోసమే నిలిచి ఉందని మాకందరికీ తెలుసు.

జనం, మైకులు, చప్పట్లు అంటే పడుచు గుర్రాలు బెదిరి ఆగమవుతాయి. అందుకని సార్ మైనాను పిల్లగా ఉన్నప్పటి నుంచే తల్లి పక్కన బరాత్‌లకు నడిపించారు. బ్యాండు మోతకు, బస్సుల హారన్లకు చెవి కూడా కదపని గుర్రమైంది అది. ఫంక్షన్ హాలు ముందు పూలు కట్టిన కమాను దగ్గర తల్లి ఆగేది, పక్కన మైనా ఆగేది. పెళ్లికొడుకు దిగేవాడు. సార్ రెండింటి నోటికీ బెల్లం ముక్క అందించేవారు. అది కూడా ఒక పాఠమేనని ఆయనకూ తట్టలేదు, నాకూ తట్టలేదు. మా సాధనంతా వెదురు బొంగుల మీద, ఖాళీ డ్రమ్ముల మీద సాగింది. వాటికి పూలెవరు కడతారు?

పోటీ నాడు సార్ ముక్కుకు గొట్టం, పక్కన ఆక్సిజన్ సిలిండర్‌తో బరి అంచున కుర్చీలో కూర్చున్నారు. నడకల పరీక్ష ఒడిదుడుకులు లేకుండా గడిచింది. మైదానంలో మైనా పరుగెత్తిన పరుగు నేను జన్మలో మరచిపోను. దుంగ కనబడితే చాలు, దానంతట అదే ఉరకలు వేసింది. ఆఖరి బరిలో కంచె తరువాత కంచె దాటాము. మిగిలింది ఒక్కటే. పండగ కళ కోసం కాబోలు, నిర్వాహకులు దాని రెండు గుంజలకూ బంతిపూల దండలు చుట్టారు.

మైనా వేగం తగ్గించి, కంచె ముందు మర్యాదగా నిలబడింది. అదిలించాను, కదలలేదు. చుట్టు తిప్పి మళ్లీ తెచ్చాను. మళ్లీ అక్కడే ఆగి, నేను దిగడం కోసం మెడ వంచి ఎదురుచూసింది. ఇంకొక్కసారి ఆగితే పోటీలోంచి తప్పిస్తారు. నా చేతిలో బెత్తం ఉంది. ఎత్తాను.

బయటినుంచి ఎవరైనా రౌతుకు మాట సాయం చేస్తే అక్కడితో పోటీ ముగిసినట్టే. ఆ సంగతి నాకు నేర్పింది సారే. ఆయన ముక్కు గొట్టం తీసేసి లేచి నిలబడ్డారు.

"దిగు బిడ్డా, కొట్టకు. పెండ్లికొడుకును పెండ్లింటికి తెచ్చిననుకుంటున్నది. దాని పని అది జేసింది."

దిగాను. మమ్మల్ని తప్పించినట్టు గంట మోగింది. చూసేవాళ్లలో ఎవరో నవ్వారు. సార్ తూలుకుంటూ బరిలోకి వచ్చి, జేబులోంచి బెల్లం తీసి మైనాకు పెట్టారు. ఆయన రొప్పు తగ్గడానికి చాలాసేపు పట్టింది.

తిరుగుదారిలో నేను ఊరుకోలేదు. ఒక్క దెబ్బతో దూకేదని, దాని బతుకంతా పచ్చికలో గడిచేదని, ఆ ఒక్క దెబ్బ దానికి మేలే చేసేదని వాదించాను. ఆయన కళ్లు మూసుకొని అంతా విన్నారు. చివరకు, "నేను నేర్పిందే చేసింది గదా. దానికి కొడితే, ఇంక అది ఎవర్ని నమ్మాలె?" అన్నారు. అయినా ఆయన తీర్పు సరైనదని నేను ఈనాటికీ ఒప్పుకోలేదు. ఆయన వెళ్లిపోయారు గనుక మెత్తబడి ఒప్పుకుంటే, అది ఆయనను గౌరవించినట్టు కాదు.

ఆ తరువాత ఆయన మంచం దిగలేదు. క్లబ్బు వారి దగ్గరికి వెళ్లి నేను బతిమాలాను. నియమం నియమమే అన్నారు. గన్‌ఫౌండ్రీలో మేడ మీద కిరాయి గదుల్లో ఉండేదాన్ని, గుర్రాన్ని ఎక్కడ కట్టేసుకోను? ఈ నగరంలో అశ్వవిద్య తెలిసినవారు ఇంకా ఉన్నారు. శిష్యుల తప్పులు దిద్దేవారూ ఉన్నారు. మూగజీవం పొరబడితే ఆ పొరబాటును తన ఖాతాలో వేసుకొని, తన ఆఖరి ఆశను అక్కడికక్కడే వదులుకునే మనిషిని మాత్రం ఇక చూడబోను. ఆ పుణ్యమూర్తి స్మృతికి శిరసు వంచి నమస్కరిస్తున్నాను.

దశదినకర్మ ముగిశాక ఆ బరాత్ వ్యాపారి వ్యాన్ వచ్చింది. గుర్రం మొండికేస్తుందేమోనని అతని మనుషులు మోకులు తెచ్చుకున్నారు. వాటి అవసరమే రాలేదు. తాడు పట్టినవాడు కొత్తవాడైనా సరే నమ్మి వెంట నడవాలని సార్ దానికి ఎంతో ఓపికగా నేర్పారు. మైనా ఒక్కసారి కూడా వెనక్కి లాగకుండా, ఆ మనిషి వెనకే చెక్క మీదుగా నడిచి వ్యాన్ ఎక్కింది. మా సార్ నేర్పిన విద్యల్లో అదొక్కటైనా దానికి రాకపోయి ఉంటే ఎంత బాగుండేది.