కుండలో నా అరచెయ్యి

నా చిన్నప్పుడు మా పల్లె ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉండేది. కంభం చెరువు నీళ్ళు మా మెట్టకు అందవు. మా క్రైస్తవుల పేటలో ఆడవాళ్ళు ఎసట్లో గింజలు పోసే ముందు ఒక పిడికెడు దేవుడికని పక్కన పెట్టేవాళ్ళు. శనివారం శనివారం మా అవ్వ ఇంటింటికీ తిరిగి ఆ కొర్రలు తెచ్చి, మా ఇంట్లో కుండలో పోసేది. నెలాఖరుకు అవి మా ప్రార్థన గుడికి చేరేవి.

వానలు లేని ఒక ఏడు ఆ కుండ సగానికి కూడా రాలేదు. ప్రార్థన అయ్యాక పక్కింటి పెద్దమ్మ అందరి ముందూ అనేసింది.

"కుండ ఇట్ల తగ్గిందేంది? కాపలా ఉన్నోళ్ళనే అడగండి."

నెల కాగానే కుండను వేరే ఇంటికి మార్చాలని పెద్దలు మాట్లాడుకున్నారు. అవ్వ ఒక్క మాట బదులు చెప్పలేదు. నాకు ఒళ్ళు మండింది, అదీ అవ్వ మీదే. తప్పు చేయకపోతే నోరెందుకు లేవదు అనుకున్నాను.

పైగా ఆ రోజు నుంచి మధ్యాహ్నం కాగానే తలుపు దగ్గరికి వేసుకుని ఒక్కతే లోపల కూర్చునేది. తింటోందని నా అనుమానం. ఒకనాడు కుండలో గింజలు చదును చేసి, పైన నా అరచెయ్యి గట్టిగా అద్ది మూత పెట్టాను. శనివారం దాకా రోజూ చూశాను. గుర్తు చెక్కుచెదరలేదు. అయినా నాకు నమ్మకం కుదరలేదు. ఇంకెక్కడైనా దాచిందేమో అనుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం తలుపు సందులోంచి తొంగి చూశాను. అవ్వ ఒడిలో వాక్యం పుస్తకం ఉంది. కూడబలుక్కుని చదివే మనిషి, ఒకే వరుస మీద వేలు పెట్టి, కనికరం అన్న మాట దగ్గర ఆగి, మళ్ళీ మొదటికి వస్తోంది. ముందు గొంతు వణికింది. చాలాసేపటికి సర్దుకుంది. అప్పుడు పక్కింటి పెద్దమ్మ పేరు చెప్పి, ఆమెను కనికరించమని వేడుకుంది. ఆ వెంటనే నా పేరు చెప్పింది.

తలుపు తోసుకుని వెళ్ళి ఏడ్చేశాను. నువ్వు తియ్యలేదని అందరికీ ఎందుకు చెప్పవని అడిగాను.

"కరువుకు పిడికిళ్ళు చిన్నవైనాయి తల్లీ. అందరికంటే చిన్నది ఆమెదే. నలుగురిలో ఆ మాట అంటే ఆమె మొగం యాడ పెట్టుకుంటాది?"

నా పేరెందుకు చెప్పిందో అడిగే ధైర్యం నాకు లేదు. ఆమే చెప్పింది.

"నిన్న గింజలు పోయబోతే నీ చెయ్యి కనపడింది. కోపం వచ్చినాది. ఇప్పుడు లేదులే."

నెల తిరిగేసరికి కుండ పక్కింటికే పోయింది. అక్కడా నిండలేదు. అవ్వ ఆ మాటే ఎత్తలేదు.

నాకిప్పుడు డెబ్బై దాటాయి. ఎవరైనా నన్ను మాట అంటే, బదులు వెతుక్కునే ముందు ఆ వరుస మీద వేలు పెట్టి, వాళ్ళ పేరు పలుకుతాను. కోపం పోవడానికి ఒక్కోసారి రోజంతా పడుతుంది. ఎవరి మీదనైనా అనుమానం పుట్టినప్పుడు మాత్రం, ముందు నా అరచెయ్యి చూసుకుంటాను.