మేస్టారి కుప్ప లెక్క

పోయినవి ముందు చెబుతాను. నలభై ఆరు పేజీలు, ఎనభై బొమ్మలు, తొమ్మిది పట్టికలు. దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. లెక్క తేలకపోతే ఎక్కడో కూడిక తప్పిందనే నమ్ముతాను. ఇది కూడా అలాగే తేలుతుందనుకున్నాను.

మాది కోరుకొండ దగ్గర పల్లె. రైస్ మిల్లులో గుమస్తాని. చదువు పదో తరగతి, లెక్కలు మాత్రం సొంతంగా నేర్చుకున్నవి. ధాన్యం కుప్ప చుట్టూ టేపు పెట్టి కొలిస్తే ఎన్ని బస్తాలవుతాయో చెప్పే ఉచిత ప్రోగ్రాం ఒకటుంది. దాని కోడ్ ఎవరైనా చూడొచ్చు, సరిదిద్దొచ్చు. దాన్ని ఎలా వాడాలో తెలుగులో వివరించే వెబ్‌సైటును మేం అయిదుగురం కలిసి కట్టాం. జీతం లేదు, సరదా ఉంది.

మాలో పెద్ద ఏసుపాదం మేస్టారు. లూథరన్ బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఆయన పేజీని ఇట్టే గుర్తుపట్టొచ్చు. వరస అంకెలు వేసేటప్పుడు ఒకటి అని రాయరు. కళ్ళంలో ధాన్యం కొలిచేవాళ్ళలాగా లాభం, రెండు, మూడు అని రాస్తారు. చివరి మెట్టు చదివేవాళ్ళకే వదిలేస్తారు. వెబ్‌సైటులో అలా బాగోదండీ అంటే, "సూరిబాబూ, అన్నీ మనమే చెప్పేస్తే వాళ్ళ బుర్రలేం చేస్తాయయ్యా" అనేవారు.

ఆయన ఆఖరి పేజీ ఆస్పత్రి మంచం మీంచి ఫోన్‌లో రాశారు. నేరుగా సైటులోనే రాయడంతో మా ఎవరి కంప్యూటర్‌లోకీ కాపీ దిగలేదు. శీర్షిక నాకు కనిపించింది: "కుప్ప లెక్క". తీరిగ్గా చదువుదామనుకున్నాను. ఆ వారంలోనే మేస్టారు పోయారు. ఆ వెనకే సైటు ఉన్న సర్వర్ పాడయింది.

ఆయన కూతురు మేరీ టీచరు. జ్ఞాపకార్థ ఆరాధనలో నాన్నగారి ఆఖరి పేజీ చదవాలని ఆవిడ కోరిక. "మిగతావి రాకపోయినా పర్లేదండి, అదొక్కటీ ఎలాగైనా తెచ్చిపెట్టండి" అని మిల్లుకొచ్చి అడిగింది. ఆ పేజీలో ఏముందో ఆవిడా చదవలేదు.

అయిదుగురి కంప్యూటర్లూ వెతికితే నలభై అయిదు పేజీలు దొరికాయి. రానిది అదొక్కటే. జాగా ఖాళీగా ఉండకూడదని శీర్షిక ఒక్కటే ఉన్న పేజీ పెట్టి, ఒక మధ్యాహ్నం మేరీ ఎదురుగా సైటు మళ్ళీ కట్టాను. అంతా సరిగ్గా వచ్చిందా అని ఒక్కో పేజీ తెరుస్తూ పోయాను.

"కుప్ప లెక్క" నిండుగా ఉంది.

లాభం: కుప్ప చుట్టుకొలత ముప్పై తొమ్మిది అడుగులు, ఎత్తు నాలుగు. రెండు: చుట్టుకొలతలో ఆరో వంతును దానితోనే హెచ్చవేసి, ఎత్తుతో మళ్ళీ హెచ్చవేయాలి. మూడు: బస్తాకు నాలుగున్నర ఘనపుటడుగుల చొప్పున ముప్పై ఏడున్నర బస్తాలు రావాలి. ముప్పై ఆరున్నరే వస్తాయి. తక్కువైన బస్తా సంగతి మీరు చెప్పండి.

మేరీ తెర దగ్గరికి వంగి మళ్ళీ చదివింది. తర్వాత, "ఇది నాన్నగారేనండి" అంది.

నేను ఒప్పుకోలేదు. ఎవరు ఏ అక్షరం మార్చినా పేరుతో సహా నమోదయ్యే పద్ధతి మాది. ఆ పేజీకి ఉన్న నమోదు ఒక్కటే, నేను పెట్టిన ఖాళీ శీర్షిక. మిగతా ముగ్గురినీ అడిగాను, ఎవరూ రాయలేదన్నారు. పాత కాపీ ఎక్కడో చిక్కుకుని ఉంటుందని సర్ది చెప్పుకున్నాను. మేరీ దాన్ని లూథరన్ గుడిలో ఆరాధన రోజున చదివింది. చివరి వాక్యానికి ఆయన శిష్యులు నవ్వారు.

అప్పటికి దాళ్వా వరి, అంటే రెండో పంట, ఇంకా చేలోనే ఉంది.

కోతలయ్యాక మేరీ వాళ్ళ పొలం కౌలుకి చేసే రాంబాబు ధాన్యాన్ని రోడ్డు పక్కన కుప్ప పోశాడు. నేనూ మేరీ వెళ్ళి టేపు పట్టాం. ముప్పై తొమ్మిది. ఎత్తు నాలుగు. మేరీ చేతిలోంచి టేపు తీసుకుని నేనే మళ్ళీ కొలిచాను. అంతే వచ్చింది.

బస్తాలు నింపుతూ రాంబాబు లాభం అంటూ లెక్క మొదలుపెట్టాడు. ముప్పై ఆరు నిండి, సగం మిగిలింది.

మా వైపు ఒక పొరపాటు మామూలే. లాభం అన్నాక మళ్ళీ ఒకటి అంటారు, ఆఖరికి ఒక బస్తా తక్కువ పలుకుతుంది. అదే అయ్యుంటుందని కుట్టిన బస్తాలు వరసగా పేర్పించి వేలు పెట్టి లెక్కించాను. ముప్పై ఆరే. తేమ చూశాను, కాటా చూశాను. అన్నీ కలిపినా పది కిలోలకు మించి తేడా రాలేదు.

"ఎలకలు తిన్నాయని రాసేసుకోండి సూరిబాబు గారూ" అన్నాడు రాంబాబు.

"డెబ్బై అయిదు కిలోల బస్తా తిన్న ఎలక కదల్లేదు కదరా, ఇక్కడే ఉండాలి" అన్నాను. మేరీ నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

ఆ పేజీ సైటులో ఇప్పటికీ ఉంది. జవాబులు రాయడానికి కింద జాగా పెట్టాం. అది ఖాళీగానే ఉంది. మేరీ ఎప్పుడు కనిపించినా, "లెక్క తేలిందాండి? నాన్నగారు ఊరికే ఇవ్వరండి" అంటుంది. ఇంకా చూస్తున్నానమ్మా అంటాను.

మేస్టారికి నేను లెక్క చెప్పాల్సిన బస్తా ఇంకా ఒకటుంది.