శత్రు సేనాని కోసం జ్ఞానమ్మ ప్రార్థన

మెదక్‌లో మా చర్చి గాయకబృందానికి తెల్ల అంగీలు కుట్టేది జ్ఞానమ్మే. భర్త పోయాక ఆ కుట్టు మిషను మీదే కూతుర్ని నర్సు చదివించింది. శుక్రవారం సాయంత్రాలు మా వీధి ఇంటి ప్రార్థన కూడిక నడిపేదీ ఆమే. ఆ పని అంటే ఆమెకు ప్రాణం.

కిందటి వానాకాలం, ఆమె ఇంట్లో కిరాయికుంటూ ఇంగ్లీషు ఎమ్మే చదివే నేను జపాను బొమ్మల సీరియల్ ఒకటి పెట్టాను. మనిషి లోపల కూర్చుని నడిపే కొండంత ఇనుప యోధులు, తెగని యుద్ధం. కింద వచ్చే ఇంగ్లీషు మాటలు నేను తెలుగులో చెబుతుంటే ఆమె మిషను ఆపేసి చూసేది.

అందులో శత్రు సేనాని హిసావో. ఒక్క ఆనకట్ట పేలిస్తే ఊరు మునుగుతుంది గానీ యుద్ధం ఆగి లక్షలమంది బతుకుతారంటాడు. ఇవతలి వీరుడు తకేరు ఒక్క అమాయకుడి ప్రాణం కూడా తీయనంటాడు. అతను వెనకాడిన ప్రతిసారీ యుద్ధం సాగి ఇంకెందరో చస్తారు.

"గీ ఇద్దర్ల మంచోడెవడే?"

"నాకూ తెలియట్లేదమ్మా."

"ఎమ్మే చదివి ఏం ఫాయిదా!"

ప్రార్థన కోరినవాళ్లను అది ఎవరి కోసమని అడగకపోవడం మా కూడికలో మర్యాద. ఒక శుక్రవారం జ్ఞానమ్మ కళ్లు మూసుకుని, "యుద్ధంల ఒక బిడ్డ ఉన్నడు. పెద్ద పాపం జేయబోతుండు. ఆ చెయ్యి ఆపుమని అడుగుండ్రి" అంది. చుట్టాలబ్బాయి కాబోలనుకున్నారందరూ. మాజీ హవల్దారు జయానందం ఉపవాసాలే మొదలుపెట్టాడు.

సీరియల్ చివరి భాగం ఒక్కటే మిగిలి ఉండగా ఆయన అరటిపళ్లతో వచ్చాడు.

"పిలగాడు ఏ బార్డర్ల ఉన్నడక్కా? మావోళ్లకు ఫోన్ జేస్త."

జ్ఞానమ్మ అబద్ధమాడలేదు. టీవీ వైపు చెయ్యి చూపింది. తెర మీద హిసావో ఇనుప యోధుడు ఆనకట్ట ముందు నిలబడి ఉన్నాడు.

"బొమ్మ కోసమా నన్ను పస్తులుంచినవ్! శుక్రవారం అందరి ముంగట చెప్పు. ఇగ కూడిక వేరేటోళ్లు నడుపుతరు."

ఆ శుక్రవారం కూడిక జ్ఞానమ్మ ఇంట్లోనే. లేచి నిలబడి హిసావో, తకేరుల కథంతా చెప్పేసింది. అందరూ పగలబడి నవ్వారు.

"రోబో కోసం ప్రార్థనా, ఒదినె! మా మిక్సీ గూడ పాడైంది, జర దానికీ చెయ్యరాదు" అంది పక్కింటి సౌభాగ్యమ్మ.

జ్ఞానమ్మ కూర్చోలేదు. "నవ్వుండ్రి. బొమ్మనే. మరి లక్షమందిని బతికిస్త అని ఒక ఊరిని ముంచొచ్చా? ముంచకుంటే సచ్చేటోళ్ల పాపం ఎవలిది? నాకు దెల్వకనే మిమ్ముల అడిగిన."

నవ్వులు ఆగిపోయాయి. ఇక చూడాలి ఆ గదిని!

"మంజీర ఏరు పొంగితేనే ఏడుపాయల కాడ ఎట్లుంటదో సూసినం గద. ముంచొద్దు" అంది సౌభాగ్యమ్మ.

"లడాయి సాగదీసేటోడే పెద్ద పాపాత్ముడు!" జయానందం లేచాడు.

"అట్లయితే ముందుగాల నీ ఇల్లే ముంచుమను!" సౌభాగ్యమ్మ కూడా లేచింది.

"ఆర్డరొస్తే ఎట్లుంటదో నీకెర్కనా?" అన్నాడాయన. అంతలోనే పట్టాళంలో తనకొచ్చిన ఆర్డరేదో గుర్తొచ్చినట్టు కుర్చీలో కూలబడి తల దించుకున్నాడు. మిగతావాళ్లు మాత్రం ఆగలేదు. క్లాసులో ఏ విషాద నాటకం మీదా ఇంత వాదన నేను వినలేదు. మూల కూర్చున్న నాకు ఒళ్లంతా పులకరించింది.

చివరికి జయానందం తలెత్తాడు. "ఇంతకు కట్ట పేల్చిండా?"

"సూడలే తమ్మీ. మీకు నిజం జెప్పకముందు సూడబుద్ధి గాలే."

ఆయన రుమాలుతో ముఖం తుడుచుకున్నాడు. "పెట్టు మరి, అందరం సూద్దాం. ముందుగాల ప్రార్థన నువ్వే చెయ్యక్కా."

"ఎవల కోసం?"

గది రెండుగా చీలి రెండు పేర్లు అరిచింది. జయానందం అరిచింది మాత్రం, అమాయకుడి ప్రాణం తీయనన్న తకేరు పేరు.