నవ్వించే ఆవిడకు ఇంగ్లీషు పోయింది

దుబాయ్‌లో ఆడవాళ్ల వార్డులో నర్సుగా చేరిన రెండో చలికాలంలో ఆవిడను మొదటిసారి చూశాను. డెబ్బైల చివరి రోజులవి. మెట్ల మీద జారి మణికట్టు విరగ్గొట్టుకుని వచ్చింది. అరవై దాటిన తెల్లావిడ, పొట్టిగా, బొద్దుగా ఉంది. పెదాలకు ఎర్ర రంగు. నొప్పికి కళ్లలో నీళ్లు తిరుగుతున్నా, కట్టు వేస్తున్న డాక్టరు మూతి ముడిచే తీరును ఆయన ఎదుటే చేసి చూపించింది. పక్క మంచాల మీద ఉన్న బలూచీ ఆడవాళ్లకు, అరబ్బు ముసలమ్మకు ఇంగ్లీషు ముక్క రాదు. అయినా అందరూ పడి పడి నవ్వారు.

ఆవిడ బతుకుదెరువే అది. స్టేజీ మీద నవ్వించడం. హోటళ్లలో ఇంగ్లీషు వాళ్ల కోసం చలికాలంలో పెట్టే ప్రోగ్రాములకు ఒక బృందంతో వచ్చింది.

"మీ ఇంగ్లండులో ఇప్పుడు మంచు పడుతుందా మేడమ్?" అని అడిగాను.

"నేను ఇంగ్లీషుదాన్ని కాదమ్మాయ్, వేల్స్‌దాన్ని. మా భాష వేరు. ఇంగ్లీషు నేను బళ్లో నేర్చుకున్నాను, నీలాగే."

మాది కృష్ణా జిల్లాలో ఒక పల్లె. మిషన్ హాస్టల్లో ఉండి ఇంగ్లీషు నేర్చుకున్నదాన్ని. ఆ మాటతో ఆవిడంటే నాకు భయం పోయింది. ఆవిడ నన్ను 'కరియాద్' అని పిలిచేది. వాళ్ల భాషలో బంగారుతల్లీ అన్నట్టట.

కట్టు విప్పాక, ఒక శుక్రవారం మధ్యాహ్నం భోజనాలప్పుడు జరిగే తన ప్రోగ్రాముకు నన్ను పిలిచింది. చీర కట్టుకుని వెళ్లి వెనక గోడ దగ్గర నిలబడ్డాను. ఆవిడ స్టేజీ మీదికి వచ్చింది. తలకు గుడ్డ, నడుముకు ఏప్రాన్, చేతిలో బకెట్, నేల తుడిచే కర్ర. పల్లెటూరి పనిమనిషి వేషం. ముక్కలు ముక్కలుగా, తప్పుల తడకగా ఇంగ్లీషు మాట్లాడుతూ దొరసానులతో వాదులాడుతుంది. ఒక్కొక్క మాటకీ హాలు హాలంతా బల్లలు చరిచి నవ్వుతోంది. నాకు సగం అర్థం కాలేదు. కానీ ఎక్కడ ఆగాలో, ఎంతసేపు ఆగి చూడాలో ఆవిడకు తెలుసు. ఆ ఆగినప్పుడే నాకూ నవ్వు తన్నుకొచ్చింది.

తర్వాత తన గదిలో టీ పోస్తూ చెప్పింది. "ఆ వేషం మా అమ్మదే. మాది బొగ్గు గనుల ఊరు. మా అమ్మ చర్చి నేల కడిగేది. ఆమెకు ఇంగ్లీషు సరిగ్గా వచ్చేది కాదు. ఆమె నడక, ఆమె మాట తీసుకునే నేను పైకొచ్చాను. ఊరూరా పెద్ద పెద్ద థియేటర్లు, రేడియో, అన్నీ చూశాను."

"అమ్మగారు చూశారా?"

"ఒక్కసారి. మా వైపు పెద్ద పట్నం కార్డిఫ్‌కి ప్రోగ్రాం వస్తే ముందు వరుసలో కూర్చోబెట్టాను. ఇంటర్వెల్లో లేచి వెళ్లిపోయింది." కప్పు కింద పెట్టింది. "తిట్టలేదు, ఏమీ అనలేదు. ఆ తర్వాత నేను ఇంటికి వెళితే మాత్రం నాతో ఇంగ్లీషులో మాట్లాడింది. పోయేదాకా అంతే. వచ్చీరాని ఆ ఇంగ్లీషులోనే. నేను మా భాషలో అడిగినా ఇంగ్లీషులోనే జవాబు చెప్పేది."

ఆవిడ చేయి పట్టుకున్నాను. వెంటనే ముఖం మార్చేసి, మా మేట్రన్ నడకను అనుకరించి నన్ను నవ్వించింది.

బృందం తిరిగి వెళ్లిపోయింది. ఆవిడ వెళ్లలేదు. భర్త పోయాడు, పిల్లలు లేరు, అక్కడి థియేటర్లు కూడా మూతపడ్డాయి. కొన్నేళ్లు ఇక్కడే హోటళ్లలో నెట్టుకొచ్చింది. తర్వాత ఇంటింటికీ వీడియో వచ్చింది, హోటళ్లకు కుర్ర పాటగాళ్లు వచ్చారు. చివరికి ఇంగ్లీషు వాళ్ల విల్లాల్లో పిల్లల పుట్టినరోజులకు అదే బకెట్ పట్టుకుని వెళ్లేది. మొదట్లో నెలకోసారైనా కలిసేవాళ్లం. తర్వాత ఆవిడే రావడం తగ్గించింది.

ఒక వేసవిలో పక్షవాతంతో మా వార్డుకే తెచ్చారు. కుడి చేయి, కుడి కాలు పడిపోయాయి. మూతి వంకర పోయింది. కానీ మాట ఆగడం లేదు. ఎవరికీ అర్థం కాని మాట.

మా ఆయా నెల్లూరు ముస్లిం. మంచం పక్కన నిలబడి కళ్లు తుడుచుకుంది. "దిమాక్ ఖలాస్ సిస్టరమ్మా. పిచ్చి మాటలు పలకతా ఉండాది, పాపం."

డాక్టరు కూడా అర్థంలేని శబ్దాలనే అనుకున్నాడు. నేను దగ్గరికి వెళ్లి పేరు పెట్టి పిలిచాను. నా వైపు చూసి "కరియాద్" అంది.

"ఇవి పిచ్చి మాటలు కావు డాక్టర్‌గారూ. ఇది ఆవిడ సొంత భాష. ఇంగ్లీషొక్కటే పోయింది."

అలా జరుగుతుంటుందని ఆయన ఒప్పుకున్నాడు. నా ఇంగ్లీషు ఆవిడకు చేరడం లేదు. నాకు ఆవిడ భాష రాదు. నోరు తుడిచేటప్పుడు, తల దువ్వేటప్పుడు నేను తెలుగులోనే మాట్లాడేదాన్ని. ఆవిడ తన భాషలో ఏదో చెప్పి, ఆగి, నా ముఖంలోకి చూసేది. ఆ ఆగడం నాకు తెలుసు. అది నవ్వాల్సిన చోటు. నవ్వేదాన్ని. కానీ తెలిసి నవ్వే నవ్వు కాదని ఆవిడకు తెలిసిపోయేది. గోడవైపు తిరిగేది.

మా చర్చిలో పాస్టరు గారికి చెబితే, ఓడలు బాగుచేసే యార్డులో పనిచేసే వేల్స్ ఇంజినీరు ఒకాయనను వెతికి పంపారు. పనిబట్టలతోనే, నూనె మరకలతో వచ్చి మంచం పక్కన కూర్చుని ఏదో అన్నాడు. ఆవిడ ఒక్క క్షణం నమ్మలేదు. తర్వాత మొదలుపెట్టింది. వంకరపోయిన మూతితోనే చెప్పింది, చెప్పింది, ఆగింది. ఆయన తల వెనక్కి వాల్చి వార్డు అదిరేలా నవ్వాడు. ఆయా గిన్నె పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. ఆవిడ ముఖం వెలిగిపోయింది.

"ఏం చెప్పింది సార్?"

"చర్చి పాస్టరు, మేక కథ. ఇంగ్లీషులో చెబితే నవ్వు రాదు సిస్టర్."

అంతలో ఆవిడ ఆయన చొక్కా పట్టుకుని గుసగుసగా ఏదో అడిగింది. ఆయన తడబడ్డాడు. "వాళ్ల అమ్మ ఉందా, వెళ్లిపోయిందా అని అడుగుతోంది" అన్నాడు నాతో. నేను నోరు తెరిచేలోపే ఆవిడ వైపు వంగి జవాబు చెప్పేశాడు. తర్వాత నాకు చెప్పాడు: "ఉంది, ముందు వరుసలో కూర్చుని ఉంది అన్నాను."

ఆవిడ కళ్లు పెద్దవయ్యాయి. అన్నం తినిపించడానికి నేను నడుము మీద కప్పిన తువ్వాలును ఎడమ చేత్తో లాగడం మొదలుపెట్టింది. అది కుడి పక్క కింద ఇరుక్కుని ఊడి రావడం లేదు. ఏడుస్తూ ఒకటే మాట అంటోంది.

"ఏప్రాన్ తీసేయమంటోంది" అన్నాడాయన. "అమ్మ చూస్తోంది, తీసేయండి అంటోంది."

తీసేశాను. ఆవిడ ఖాళీ నడుమును తడిమి చూసుకుంది. జుట్టు సర్దుకుంది. ఎదురుగా చూస్తూ పసిపిల్ల పాఠం అప్పజెప్పినట్టు మెల్లగా ఏదో పలికింది. "బైబిల్లోది. చిన్నప్పుడు చర్చిలో మా చేత చెప్పించేవాళ్లు" అన్నాడు ఇంజినీరు.

ఆ తర్వాత ఆవిడ ఎవరినీ నవ్వించే ప్రయత్నం చేయలేదు. ఆయన రెండోసారి వచ్చేసరికి మాట కూడా లేదు. ఆ వారం దాటకుండానే పోయింది.

క్రైస్తవుల శ్మశానంలో పాస్టరు గారు, ఇంజినీరు, హోటలు నుంచి ఇద్దరు, మేము నలుగురం నర్సులం. ఇంజినీరు తన భాషలో ఒక్కడే పాడాడు. సగంలో ఆగిపోతే, రాగం మాకు తెలిసిన కీర్తనదే కాబట్టి మేం తెలుగులో అందుకున్నాం.

తిరిగి వచ్చేటప్పుడు ఆయన కారులో ముందు సీట్లో కూర్చుని, ఇంటర్వెల్లో లేచి వెళ్లిపోయిన అమ్మ సంగతి చెప్పాను. ఆయనకు అది తెలియదు. తాళం తిప్పబోయినవాడు చేయి వెనక్కి తీసుకున్నాడు.

"ముందే తెలిసుంటే ఏం చెప్పేవారు సార్?"

"ఉందనే చెప్పేవాణ్ణి" అన్నాడు. "ఇంకేం చెప్పగలను?"

వెనక సీట్లో తోటి నర్సులు ఏడుస్తున్నారు. ఆయన స్టీరింగు మీద తల ఆనించాడు. ఎండలో కారు కాలిపోతున్నా, ఎవరమూ దిగలేదు.