బండ మీద బండ

ఈ రోజుల్లో చిన్న మర ఊడితే చాలు, షెడ్డుకు పరుగెత్తుతారు. మా మేనమామను చూసిన కళ్లతో ఇదీ చూడాల్సి వచ్చింది.

తాండూరులో నాపబండలు మోసే మామ లారీకి గేరుబాక్సు పగిలింది. హైదరాబాదులో మార్పించాలంటే పాడిబర్రెను అమ్మాలి. బేరగాడు వాకిట్లో కూర్చున్నాడు. అత్త పలుపు పట్టుకొని నిలబడింది.

"జర ఆగవే, నేనే ఎక్కిస్త" అన్నాడు మామ.

"నీతోని అయితదా?" అంది అత్త.

పగిలినదాన్ని విప్పి దించి, తుక్కులో కొన్న పాత గేరుబాక్సును మామ లారీ కిందికి జరిపాడు. గడ్డపారతో ఒక పక్క లేపి ఒక బండ, రెండో పక్క లేపి ఇంకో బండ దూర్చాడు. ఇద్దరు మోయలేని ఆ ఇనుము బండ మీద బండగా పైకి లేచింది! లేచినప్పుడల్లా దాన్ని అరచేత్తో తట్టి, "జర ఓపిక పట్టు తల్లీ" అనేవాడు. పాలు పిండేటప్పుడు బర్రెతోనూ అదే మాట.

సాయంత్రం బోల్టులన్నీ బిగించి గేరు వేస్తే లారీ కదిలింది. బేరగాడు లేచి వెళ్లిపోయాడు.

అత్త బర్రెను మళ్లీ గుంజకు కట్టేస్తూ, "లారీ తల్లే, బర్రె తల్లే. పొద్దటిసంది నిలబడ్డ నన్ను మాత్రం ఎవ్వరు అడగరు" అంది.

మామ నూనె చేత్తోనే ఆమె భుజం తట్టాడు.

"అయ్యో, చీర!" అని అరిచిందే గాని, అత్త పక్కకు జరగలేదు.