ఆ పేరుతో పడవ లేదు

ఈ మాట ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. గొంతులో చేపముల్లు ఇరుక్కున్నట్టే ఉంది, మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నానేమో.

అప్పుడు నేను బరంపురంలో, హల్దియాపదర్‌లో, ఒక మేడమీది చిన్న ఆఫీసులో ప్రోగ్రాములు రాసేదాన్ని. నాతో పాటు భవాని. నాకంటే చిన్నది, సముద్రపొడ్డున ఉన్న ఆర్యపల్లి పిల్ల. నోరు తెరిస్తే అక్కా అక్కా అంటూ నా వెనకే ఉండేది. వాళ్ల నాన్న పడవ మీద చేపల వేటకెళ్తాడు, అమ్మ ఛత్రపురం బజార్లో చేపలమ్ముతుంది. అలాంటి అమ్మల కోసమే మేమొక సేవ తయారుచేశాం. ఫోన్లో పడవ పేరు కొడితే అది ఒడ్డుకొచ్చిందో లేదో చెబుతుంది. 'ఇంకా రానివి' అని నొక్కితే సముద్రంలో ఉన్న పడవలన్నీ చూపిస్తుంది.

ఏ ప్రశ్న ఎక్కడికి వెళ్లాలో ఆ దారులు రాయడం నా పని. అవి సరిగ్గా వెళ్తున్నాయో లేదో ఒక్కొక్కటీ విడిగా చూసే యూనిట్ టెస్టులు రాయడం భవాని పని. ఎంత ప్రేమగా రాసేదో! ఇది మా ఊరి పని కదా అనేది.

ఒక శుక్రవారం ఆమె టెస్టు ఒకటి ఎర్రగా వెలిగింది, అంటే ఎక్కడో తప్పుందని. 'ఇంకా రానివి' అని అడిగితే నా ప్రోగ్రాము అదీ ఒక పడవ పేరే అనుకుంటోంది. వెతికి, దొరక్క, 'ఆ పేరుతో పడవ లేదు' అంటోంది. ఎందుకో నాకు అర్థం కాలేదు. నేను రాసిన రెండు వరుసలు కిందా మీదా మారిస్తే చాలని తర్వాత తెలిసింది. భవానిని అడిగితే అప్పుడే చెప్పేది. కానీ చిన్నదాన్ని అడగడమా? పెద్ద పండితురాలిని మరి! సాయంత్రానికి పని అప్పగించాలి. ఆమె లేనప్పుడు ఆ టెస్టు తెరిచి, రావలసిన జవాబు చెరిపేసి, వస్తున్న తప్పు జవాబునే అక్కడ రాశాను. అంతా సరిగ్గా ఉన్నట్టు పచ్చగా వెలిగింది. పైన, రాసినవాళ్ల పేరు దగ్గర, భవాని పేరు అలాగే ఉంది.

తర్వాతి వారం గాలి లేచింది. భవాని వాళ్ల నాన్న పడవ ఇంకా రాలేదు. వాళ్లమ్మ బజార్లోంచి ఫోన్లో 'ఇంకా రానివి' నొక్కింది. ఆ పేరుతో పడవ లేదు, అని వచ్చింది. సముద్రం మీద మొగుణ్ని పెట్టుకున్న మనిషి ఆ మాటను ఎలా చదువుతుంది?

ఆయన మధ్యాహ్నానికి క్షేమంగా వచ్చాడు, గాలికి పక్క ఊరి ఒడ్డున దిగాడు. భవాని మాత్రం టెస్టు తెరిచి చూసుకుని, నా దగ్గరికొచ్చి భోరుమంది.

"అమ్మ సేపల తట్ట రోడ్డు మీద పడీసి పరిగెట్టిందంట అక్కా. నానే తప్పు రాసీసినట్టున్నాను. ఏటి సేసేనో నాకే తెల్దు."

చెప్పాల్సిన క్షణం అదే. నేనేమన్నానో తెలుసా?

"పోన్లే, ఊరుకో తల్లీ. తప్పులు ఎవులు సెయ్యరే?"

నా తప్పుకి దాన్ని ఓదార్చాను! అది నన్ను పట్టుకుని, "నువ్వు కాబట్టి తిట్టలేదక్కా" అంది. మర్నాడు దారులూ టెస్టూ నేనే సరిచేశాను, అందరూ నన్ను మెచ్చుకున్నారు. నెల తిరక్కుండా భవాని పని మానేసింది. నాకీ పని తగదంది. నేను ఆపలేదు. ఆపితే ఎక్కడ బయటపడుతుందోనని భయం కాదూ?

ఇప్పుడు దిగపహండిలో బట్టల కొట్లో కూర్చుంటుంది. బరంపురం వస్తే మా ఇంటికి రాకుండా వెళ్లదు. మా పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని, కంప్యూటర్ మీ అమ్మకే వచ్చు, నాకు బుర్ర లేదని నవ్వుతుంది. నేనూ నవ్వుతాను. సిగ్గులేనిదాన్ని.

ఈసారి వచ్చినప్పుడు చెబుతానా? చెప్పాలనే ఉంది, నా ధైర్యం మీద నాకు నమ్మకం లేదు. చెబితే మళ్లీ మా గుమ్మం తొక్కకపోవచ్చు, అదీ న్యాయమే. కానీ ఆ మాట ఇవాళ మొదటిసారి నా చేత్తో రాస్తున్నాను. రాస్తుంటే ఊపిరి కాస్త ఆడుతోంది.

భవానీ, నువ్వు సరిగ్గానే రాసేవే. మార్సింది నానే.