మా బావ కారుకి టైమింగ్ బెల్టు వేసిన ఆదివారం

మా బావ మూసాపేట దగ్గర ఒక ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్ళు ఫిట్టరు. మిషను మూలిగితే చాలు, ఏ బేరింగు ఏడుస్తోందో గోడ అవతలి నుంచే చెప్పేవాడు. ఆయన పక్కనుంచి నడిచిపోతే పళ్ళ చక్రాలు వాటంతటవే సర్దుకుని నిలబడేవని నేను పదిమందికీ చెప్పుకునేవాణ్ణి. అందులో సగం నిజం. మిగతా సగం ఆయన మీద అభిమానం.

తొంభైల చివర్లో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. బావ ఏడాదిన్నర ఇంట్లో కూర్చున్నాడు. ఇంట్లో విప్పి బిగించదగిన వస్తువులన్నీ విప్పి బిగించాడు. గ్రైండరుని మూడుసార్లు, కుట్టుమిషనుని నాలుగుసార్లు, గోడగడియారాన్ని ఎన్నిసార్లో ఆ గడియారానికే తెలియదు. మా అక్క నర్సు. డ్యూటీ నుంచి వచ్చేసరికి ఏ వస్తువు నట్లు రాల్చుకుని నేల మీద పడుకుని ఉందోనని భయపడుతూ తలుపు తీసేది.

మాది కృష్ణా జిల్లా. అక్క ఉద్యోగానికి హైదరాబాదు వచ్చి, చర్చిలో పరిచయమైన మెదక్ మనిషిని చేసుకుంది. నిజాంపేటలో ఒకే ఇంట్లో వాళ్ళది ముందు పోర్షను, నాది వెనక పోర్షను. అప్పటికి నాకు పెళ్ళి కాలేదు. వంట చేసుకోవడం వచ్చు, కానీ అక్క చేసినట్టు రాదు కనుక రాదనే చెప్పేవాణ్ణి.

అప్పుడే మాదాపూర్ దాటాక గుట్టలు పేల్చి అద్దాల మేడలు లేపుతున్నారు. ఆ మేడల్లో ఒక ఆఫీసువాళ్ళు ఉద్యోగులను ఇళ్ళ నుంచి తీసుకురావడానికి సొంత కారున్న డ్రైవర్లు కావాలన్నారు. బావ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన డబ్బంతా పోసి ఒక పాత కారు కొన్నాడు. అంతకుముందు అది ఎవరో డాక్టరుగారిది. సీట్లలో ఇంకా మందుల వాసన, డిక్కీలో ఒక చెప్పు. ఆఫీసువాళ్ళు చూసి సరేనన్నారు. సోమవారం ఉదయం ఆరింటికి మొదటి ట్రిప్పు. రాకపోతే ఆ రూటు వరసలో వెనక నిలబడ్డవాడికి పోతుంది. వెనక కనీసం నూట యాభైమంది నిలబడ్డారని నా అంచనా. బావ లెక్కలో ఇద్దరే.

శనివారం సాయంత్రం బానెట్ ఎత్తి కవరు విప్పిన బావ అలాగే ఆగిపోయాడు. టైమింగ్ బెల్టు ఎండిన మామిడితాండ్రలా పగుళ్ళు బారి ఉంది.

"గిది రేపో ఎల్లుండో తెగుతది" అన్నాడు. "దీంతోని మందిని ఎక్కించుకుంటె పాపం తగుల్తది. రేపే మారుస్త."

ఆ బెల్టు పనేమిటో నాకు ఆయనే చెప్పాడు. ఇంజన్‌లో వాల్వులూ పిస్టన్లూ ఒకే ఇరుకు గదిలోకి వంతులవారీగా వచ్చిపోయే తోడికోడళ్ళట. వంతు తప్పితే తలలు పగులుతాయి. ఆ వంతులు చూసే అత్తగారే బెల్టు. పైచక్రం మీద ఒక గీత, కిందిచక్రం మీద ఒక గీత. రెండూ తమ గుర్తులకి ఎదురుగా ఉన్నప్పుడు బెల్టు ఎక్కించాలి.

ఆదివారం బావ చర్చికి రానన్నాడు. నేను ఆయనకి తోడుగా ఉంటానన్నాను. ప్రభువుకి ఏకకాలంలో ఇద్దరు భక్తులు తగ్గారని అక్క ఒక్కతే, తెల్లచీర కట్టుకుని, మా ఇద్దరి వాటా ప్రార్థన కూడా మోసుకుంటూ వెళ్ళింది.

చక్రం ఊడదీసి కారును ఇటుకల మీద నిలబెట్టాం. బెల్టు దాకా పోవాలంటే కింద ఒక పెద్ద బోల్టు రావాలి. అది రాలేదు. రాత్రంతా కిరసనాయిలు తాగి కూడా రాలేదు. పానా పెట్టి బావ లాగాడు. నేను లాగాను. పానాకి బోరింగు పైపు తొడిగి ఇద్దరం వేలాడాం. అప్పటికి నా బరువు సామాన్యమైనది కాదు, ఒక చిన్న పంచాయతీకి సరిపోతుంది. పైపు వంగింది. బోల్టు కదల్లేదు.

"గింత జంగు పట్టిందేందిర! ఇది బోల్టు గాదు బామ్మర్ది, మీ అక్క. ఎటు దిప్పినా తిరగది."

గేటు దగ్గర చప్పుడైంది. బైబిలు చేత్తో పట్టుకుని అక్క.

"వినపడిందండీ. అన్నం పెట్టేటప్పుడు తిరుగుతాను."

"నిన్ను గాదే, బోల్టును అన్న."

"తుప్పు పట్టిందని కూడా వినపడింది."

బావ బ్లో ల్యాంపుతో బోల్టు తలని వేడిచేసి, అంచుకి కొవ్వొత్తి ఆనించాడు. కరిగిన మైనం మరల్లోకి దిగుతుందట. ఆ కొవ్వొత్తి ప్రార్థన కూటానికి దాచినదని అక్క కిటికీలోంచి అరిచింది. బావ విననట్టు చేశాడు. అయినా బోల్టు రాలేదు. ఆయన పిడికిలి కణుపుల మీద చర్మం మాత్రం వచ్చేసింది. గ్రీజులో ఎర్రగా కలిసింది.

చివరికి ఆయన ఇంజన్ అంటుకోకుండా కాయిల్ వైరు పీకి, పానా కొసను నేలలో దిగ్గొట్టిన గునపానికి ఆనించి కట్టాడు. "పో, సీట్ల కూసో. నేను తిప్పమన్నప్పుడు తాళం ఒక్కపారి తిప్పి ఇడిచిపెట్టు. ఇంజనే దాని బోల్టును అది ఇప్పుకుంటది."

"తిప్పు!" అన్నాడు. తిప్పాను. ఖాజాగూడలో గుట్ట పేలినట్టు ఒక్కటే చప్పుడు. బావ ఎగిరి గంతేశాడు. బోల్టు వదిలింది. ఆ ఘనకార్యం నా కుడిచేతిదేనని నాకు అనిపించింది. రాజులు కోటలు పట్టింది ఇలాంటి చేత్తోనే అయి ఉంటుంది. ఆ తర్వాత నేను డ్రైవర్ సీటు దిగలేదు.

మధ్యాహ్నం రెండు కావస్తుంటే కొత్త బెల్టు ఎక్కింది. గీతలు కుదిరాయి. బావ రెండుసార్లు కళ్ళు తుడుచుకుని చూశాడు. ఇక బెల్టును బిగువుగా పట్టి ఉంచే చిన్న చక్రం మిగిలింది. దాని బోల్టును వేళ్ళతో తగిలించాడు కానీ, గ్రీజుకి పానా జారిపోతోంది. చేతులు కడుక్కొస్తానని ఇంటి పక్కనున్న కుళాయి దగ్గరికి వెళ్ళాడు. ఆ బోల్టు బిగించాలి, ఆపైన ఇంజన్ను చేత్తో రెండు చుట్లు తిప్పి గీతలు మళ్ళీ చూడాలి, ఆ తర్వాతే తాళం. ఈ వరస నాకు తర్వాత తెలిసింది.

లోపల అక్క అన్నం వార్చిన వాసన. నాకు ఆకలి.

"బావగారూ! తాళం తిప్పనా?"

ఆయన మొహం నిండా సబ్బు. "మల్ల తిప్పు!" అన్నాడు.

ఆయన ఊళ్ళో 'మల్ల' అంటే తర్వాత. మా ఊళ్ళో 'మళ్ళీ' అంటే ఇంకోసారి. పన్నెండేళ్ళుగా ఆయన 'మల్ల వస్త' అని వెళ్ళడం, నేను మళ్ళీ వస్తాడని అనుకోవడం, ఆయన తర్వాత రావడం జరుగుతూనే ఉంది. రెండర్థాలూ చివరికి ఒకే గుమ్మంలోంచి వచ్చేవి కనుక ఎవరికీ నష్టం లేకపోయింది. పొద్దున ఒకసారి తిప్పాను. మళ్ళీ తిప్పమన్నాడు. తిప్పాను.

ఇంజన్ అరచుట్టు తిరిగింది. తర్వాత లోపల ఎవరో స్టీలు గిన్నెల బీరువాని మెట్ల మీద నుంచి తోసినట్టు వినబడింది. ఆగిపోయింది.

బావ సబ్బు మొహంతోనే పరిగెత్తుకొచ్చాడు. బెల్టు చూశాడు. నాలుగు పళ్ళు దాటి కూర్చుంది. దాన్ని మళ్ళీ గీతల మీద పెట్టి, బోల్టు బిగించి, ప్లగ్గులు మూడూ తీశాడు. మొదటి రంధ్రం మీద బొటనవేలు పెట్టి నన్ను పానాతో కిందిచక్రం తిప్పమన్నాడు. పిస్టన్ పైకి వచ్చినప్పుడు గాలి ఆ వేలిని నెట్టాలి. నెట్టలేదు. రెండో దానికీ నెట్టలేదు. మూడో దానికి కాస్త నెట్టిందన్నాడు. అది నా కోసం అన్నాడేమో.

"వాల్వులు వంగినయ్" అన్నాడు. సబ్బు ఎండి మొహం మీద తెల్లగా పొక్కులు లేచింది. "మల్ల అని చెప్పిన గదర."

"మళ్ళీ అన్నారు కదండీ."

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. అందులో నవ్వదగిన విషయం ఒకటుందని ఇద్దరికీ తెలిసింది. నవ్వు రాలేదు.

అక్క గరిటెతో బయటికొచ్చింది. "ఏంటండీ ఆ చప్పుడు?"

నేను నోరు తెరిచాను. ఈలోపే బావ, తల ఎత్తకుండా, "మార్కు తప్పు వెట్టిన. ఇంజన్ పోయింది" అన్నాడు.

"మీరా?"

"నేనే."

అక్క ఆయన్ని చూసిన చూపు నేను అంతకుముందు చూడలేదు. ఏడాదిన్నర పాటు జీతం లేని మనిషిని చూసినప్పుడు కూడా ఆ చూపు లేదు. పని రాని మనిషిని చూసినట్టుగా చూసింది. గరిటెలోంచి పప్పు గుమ్మం మీద కారుతోంది. నేను నోరు మూసుకున్నాను.

హెడ్డు దింపి బాగుచేయించడానికి కనీసం నాలుగు రోజులు. ఆ సాయంత్రం బావ ఇద్దరిని కారు అడిగాడు. పెళ్ళిళ్ళ రోజులు, ఇద్దరివీ ఖాళీ లేవు. సోమవారం తెల్లవారుతూనే బస్సులో మాదాపూర్ వెళ్ళి, అక్కణ్ణించి రాళ్ళదుమ్ములో నడిచి, ఆరు కాకముందే అద్దాల మేడ ముందు నిలబడ్డాం. రవాణా చూసే అబ్బాయి మెడలో కార్డుతో వచ్చి, "బండేదండీ?" అన్నాడు. బావ మూడు రోజులు, కాదు నాలుగు రోజులు అడిగాడు. ఆ అబ్బాయి మర్యాదగా సారీ చెప్పి, వెనక నిలబడ్డ కారుకి చెయ్యి ఊపాడు. నిజంగానే వెనక ఇద్దరే ఉన్నారు.

తిరిగొస్తూ బస్సులో, ఇవాళే అక్కకి చెప్పేస్తానన్నాను.

"చెప్పకు. ఆమెకు తమ్మునివి నువ్వొక్కనివే ఉన్నవ్. ఫిట్టర్లు శానమంది దొరుకుతరు."

అది జోకనుకున్నాను. అనుకోవడం నాకు సౌకర్యంగా ఉండింది.

కారు బాగుపడింది గానీ రూటు రాలేదు. కొన్నాళ్ళకి దాన్ని అమ్మేశాడు. అంతకంటే పెద్ద దెబ్బ వేరే ఉంది. బావతో పనిచేసిన ముగ్గురు మూసాపేటలో ఇంజన్ల షెడ్డు పెడుతున్నారు, ఆయన్నీ రమ్మన్నారు. అక్క కడుపుమంటతో చర్చిలో వాళ్ళలో ఒకరి భార్యకి ఈ సంగతి చెప్పుకుంది. నేను సామాన్యంగా ఒకటిని పది చేస్తాను. ఊరు నాకంటే ఘనమైనది. క్రిస్మస్ నాటికి బావ మార్కులు తప్పు పెట్టి చంపిన ఇంజన్లు ఆరు, అందులో ఒకటి లారీది. షెడ్డు ప్రారంభానికి ఆయన్ని పిలిచారు. పనికి పిలవలేదు. ఆయన లడ్డు తిని వచ్చాడు.

తర్వాత ఒక అపార్ట్‌మెంటులో వాచ్‌మన్‌గా చేరాడు. అక్కడి మోటారు చెడిపోతే మెకానిక్‌ని పిలిచేవాళ్ళు, బావ టార్చిలైటు పట్టుకునేవాడు. నేను చెప్పాలనుకున్న రోజులు చాలా ఉన్నాయి. ప్రతిరోజూ అక్క పెట్టిన అన్నం తిని, రేపు అనుకునేవాణ్ణి.

మూడేళ్ళకి బావ గుండెపోటుతో పోయాడు. చర్చిలో సంతాప కూటం పెట్టారు. అక్క లేచి నాలుగు మాటలు చెప్పింది. "ఆయన చెయ్యి పడితే బాగుపడని వస్తువు లేదండీ, ఆ ఒక్క కారు తప్ప" అంది. షెడ్డు ముగ్గురూ ముందు వరసలోనే ఉన్నారు. జనం కళ్ళు తుడుచుకుంటూనే నవ్వారు. నేనూ నవ్వాను. అప్పుడైనా లేచి చెప్పవచ్చు. బెంచీ పట్టుకుని సగం లేచాను కూడా. పాస్టరుగారు పాట ఎత్తుకున్నారు. అందరూ లేచి నిలబడ్డారు.